చలి పొద్దున కారు స్టార్ట్ కాకపోతే: తాళం తిప్పడం ఆపి, ముందు చెవి పెట్టండి

ఈ వారం ఎపిసోడ్ విన్నాక చాలామంది ఒకటే మాట అన్నారు. "డ్రైవింగ్‌లో ఉండి విన్నాం అన్నా, ఆ నంబర్లు గుర్తుండట్లేదు, ఎక్కడైనా రాసిపెట్టు" అని. అందుకే మాట్లాడిందంతా మక్కీకి మక్కీ కాకుండా, పనికొచ్చే వరసలో పేర్చి ఇక్కడ రాస్తున్నా. ఫోన్‌లో సేవ్ చేసుకోండి. పొద్దున 5:30కి, చీకట్లో, వేళ్లు కొంకర్లు పోతున్నప్పుడు ఇది అవసరపడుద్ది.

నేను మెకానిక్‌ని కాదు. ఇక్కడ షెఫీల్డ్‌లో డొమిసిలరీ కేర్‌లో చేస్తా, అంటే ఇల్లిల్లూ తిరిగి పెద్దవాళ్లను చూసుకునే పని. కారు లేకపోతే షిఫ్ట్ లేదు. షిఫ్ట్ లేకపోతే గంటలు లేవు. గంటలు తగ్గితే ఏమవుద్దో వీసా మీద వచ్చినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. కాబట్టి ఇది కార్ల మీద సరదా ఉన్నవాళ్ల కోసం రాసింది కాదు, కారు మీద బతుకుతున్నవాళ్ల కోసం రాసింది.

ఆ జనవరి పొద్దున

రెండు రోజులు ఆఫ్. మూడో రోజు 6:30కి మొదటి కాల్. ఒక పెద్దాయన, సొంతంగా లేవలేడు. హాయిస్ట్ పెట్టి లేపాలి, దానికి ఇద్దరు కేరర్లు ఉండి తీరాలి. 5:40కి కారు దగ్గరికి వెళ్లా. బయట మైనస్ 4. తాళం తిప్పా. ఇంజిన్ మూలిగింది గానీ అందుకోలేదు. మళ్లీ తిప్పా. మళ్లీ. ఒక పదిసార్లు తిప్పి ఉంటా. మొదట్లో మూలిగింది కాస్తా చివరికి "టక టక టక" అని మాత్రమే అంటోంది. డాష్‌బోర్డు లైట్లు కూడా మసకబారిపోయాయి.

మా ఇంట్లో ఉండే నిజామాబాద్ అన్న అప్పుడే నైట్ షిఫ్ట్ చేసుకుని వచ్చాడు. దుబాయ్‌లో ఏళ్ల తరబడి గ్యారేజీలో పనిచేసిన మనిషి. కారు దిగకుండానే అరిచాడు: "అరేయ్, ఆపు ముందు! ఇంక తిప్పకు. బ్యాటరీల మిగిలిన ఆ కాస్త గూడ గుంజేస్తున్నవ్. ఫస్టు ఎట్ల సౌండ్ వచ్చింది, ఇప్పుడు ఎట్ల వస్తుంది, అది చెప్పు."

ఆయన కారు నుంచి కేబుళ్లు వేసి స్టార్ట్ చేశాం. కానీ నేను చేసిన పెద్ద తప్పు అప్పటికే అయిపోయింది. ఆఫీసుకి ఫోన్ చేసింది 6:25కి. 5:45కే చేసి ఉంటే ఇంకొకర్ని పంపేవాళ్లు. నాతో పాటు రావాల్సిన అక్క ఒక్కతే ఆ ఇంటికి వెళ్లి కూర్చుంది. ఒక్కతే హాయిస్ట్ పట్టకూడదు. ఆ పెద్దాయన నేను వెళ్లేదాకా, అంటే 7:20 దాకా, తడి పక్క మీదే ఉన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదేమో.

కాబట్టి మొదటి రూల్ కారుది కాదు, ఫోన్‌ది. రెండోసారి తిప్పినా స్టార్ట్ కాకపోతే, బానెట్ ఎత్తడానికి ముందే ఆఫీసుకి చెప్పండి. తర్వాత స్టార్ట్ అయితే "వస్తున్నా" అని మళ్లీ చెప్పొచ్చు.

చలికి కారుకి ఏమవుద్ది?

చిన్నప్పుడు డిసెంబర్‌లో కొబ్బరినూనె సీసా గడ్డకట్టి, ఎండలో పెడితే గానీ కరిగేది కాదు గుర్తుందా? ఇంజిన్ ఆయిల్ అలా గడ్డకట్టదు గానీ చలికి చిక్కబడుద్ది. దాంతో ఇంజిన్‌ని తిప్పడానికి స్టార్టర్ మోటార్‌కి ఎక్కువ బలం కావాలి. సరిగ్గా అదే టైమ్‌లో బ్యాటరీ బలం తగ్గుద్ది. బ్యాటరీలో కరెంటు పుట్టేది సీసం పలకలకీ యాసిడ్‌కీ మధ్య జరిగే రసాయన చర్య వల్ల. చలికి ఆ చర్య నెమ్మదిస్తుంది. 0 డిగ్రీల దగ్గరే బ్యాటరీ స్టార్టింగ్ బలం దాదాపు మూడో వంతు పడిపోద్ది. ఖర్చు పెరిగి, ఆదాయం తగ్గిన ఇల్లు లాగా అన్నమాట.

అయితే బ్యాటరీని చలి ఒక్కటే చంపదు. మా అన్న మాటల్లో చెప్పాలంటే "ఎండ చంపుతది, చలి బయటవెడతది." వేడికి లోపలి పలకలు పాడవుతాయి. వేసవి అంతా ఏదోలా నెట్టుకొచ్చిన బ్యాటరీ మొదటి గట్టి మంచు రోజున చేతులెత్తేస్తుంది. మీ బ్యాటరీకి నాలుగైదేళ్లు దాటితే అనుమానం ముందు దాని మీదే పెట్టుకోండి.

నాలుగు రకాల చప్పుడు

కారు స్టార్ట్ అవ్వాలంటే మూడు జరగాలి. స్టార్టర్ ఇంజిన్‌ని వేగంగా తిప్పాలి. ఇంధనం, దాన్ని మండించే నిప్పు అందాలి. కారు కంప్యూటర్ మీ తాళాన్ని గుర్తుపట్టి ఒప్పుకోవాలి. ఏది తప్పిందో సగం సంగతి చప్పుడే చెప్పేస్తుంది. రేడియో, హీటర్, లైట్లు అన్నీ ఆపి, ఒక్కసారి తిప్పి వినండి.

1. "టక టక టక టక", గబగబా. బ్యాటరీలో బలం చాలట్లేదు, లేదా టెర్మినల్ లూజుగా ఉంది. స్టార్టర్ స్విచ్ అందుకోబోతోంది, వోల్టేజి పడిపోయి వదిలేస్తోంది, మళ్లీ అందుకుంటోంది. ఇంజిన్ బద్ధకంగా, ఈడ్చుకుంటూ తిరిగినా కారణం ఎక్కువగా ఇదే. చలికాలంలో ముందు చూడాల్సింది ఇదే.

2. ఒక్కటే "టక్", తర్వాత నిశ్శబ్దం. హెడ్‌లైట్లు వేసి మళ్లీ తిప్పండి. తిప్పినప్పుడు లైట్లు బాగా మసకబారితే బ్యాటరీ గానీ కనెక్షన్ గానీ. లైట్లు ఏమీ తగ్గకుండా అలాగే వెలుగుతుంటే అనుమానం స్టార్టర్ మోటార్ మీదకో, దాని వైర్ల మీదకో పోవాలి. అది రోడ్డు పక్కన మనం చేసే పని కాదు.

3. ఏ చప్పుడూ లేదు. డాష్‌బోర్డులో లైట్లే రాకపోతే బ్యాటరీ పూర్తిగా అయిపోయింది, లేదా టెర్మినల్ ఊడింది. లైట్లు మామూలుగా వస్తుంటే చిన్న చిన్నవి చూడండి. మాన్యువల్ కారైతే క్లచ్ పూర్తిగా తొక్కారా? చాలా కార్లు క్లచ్ తొక్కకపోతే స్టార్టర్‌ని తిరగనివ్వవు. ఆటోమేటిక్ అయితే పార్క్‌లో కాకుండా న్యూట్రల్‌లో పెట్టి, బ్రేక్ తొక్కి చూడండి. బటన్ స్టార్ట్ కారైతే కీలోని చిన్న బ్యాటరీ కూడా చలికి నీరసిస్తుంది. కీని బటన్‌కి ఆనించి పట్టుకుని, లేదా మాన్యువల్‌లో చూపించిన చోట పెట్టి నొక్కండి.

4. ఇంజిన్ మామూలు వేగంతో తిరుగుతోంది గానీ అందుకోవట్లేదు. దీనికి బ్యాటరీని తిట్టొద్దు, జంప్ కేబుళ్లతో పనిలేదు. ఇంధనమో, నిప్పో, ఇమ్మొబిలైజరో. డాష్‌బోర్డులో తాళం గుర్తు ఆగకుండా మెరుస్తుంటే కారు మీ కీని గుర్తుపట్టట్లేదు. లాక్ చేసి, అన్‌లాక్ చేసి, స్పేర్ కీ ఉంటే దాంతో ప్రయత్నించండి.

ఈ నాలుగో రకంలో పెట్రోల్ కారుకి ఒక సంగతి ఉంది. రాత్రి ఎవరికో దారివ్వడానికి కారు స్టార్ట్ చేసి, పది అడుగులు జరిపి, వెంటనే ఆపేశారనుకోండి. చల్లటి ఇంజిన్‌కి కంప్యూటర్ ఎక్కువ పెట్రోల్ పోస్తుంది. అది కాలేలోపే ఆపేస్తే స్పార్క్ ప్లగ్గులు తడిసిపోతాయి. పొద్దున తిప్పితే పెట్రోల్ వాసన వస్తుంది, ఇంజిన్ అందుకోదు. అప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా కిందికి తొక్కిపట్టి, ఒక 10 సెకన్లు తిప్పండి. ఇంజెక్షన్ ఉన్న చాలా కార్లలో అలా తొక్కితే పెట్రోల్ ఆగి, గాలి మాత్రమే పోయి ప్లగ్గులు ఆరతాయి. అందుకోగానే కాలు తీసేయండి.

డీజిల్ కారు సంగతి వేరు. దానికి స్పార్క్ ఉండదు. చలిలో లోపలి గాలిని వేడెక్కించడానికి గ్లో ప్లగ్గులు ఉంటాయి. తాళం ఒక మెట్టు తిప్పగానే స్ప్రింగ్ చుట్టలా పసుపు గుర్తు వస్తుంది చూడండి, అది ఆరేదాకా ఆగి అప్పుడు స్టార్ట్ చేయాలి. బాగా చలి ఉంటే తాళం ఆపి మళ్లీ అదే మెట్టుకి తిప్పి, రెండుసార్లు వేడెక్కనివ్వండి. అయినా తెల్లపొగ కక్కుతూ మొరాయిస్తుంటే గ్లో ప్లగ్గులు చూపించాలి. ఇంకోటి: యూకే పంపుల్లో నవంబర్ మధ్య నుంచి మార్చి మధ్య దాకా చలికాలం డీజిల్ అమ్ముతారు, అది మైనస్ 15 దాకా ఫిల్టర్‌లో అడ్డుపడకుండా పారాలని ప్రమాణం. ఎండాకాలం డీజిల్‌కి ఆ శక్తి లేదు. ఎక్కువ తిరగని వ్యాన్‌లో సెప్టెంబర్‌లో కొట్టించిన డీజిల్ అలాగే ఉంటే, గట్టి చలికి అందులోని మైనం పేరుకుని ఫిల్టర్‌ని మూసేస్తుంది.

ఏ కారైనా ఒకేసారి 10 సెకన్లకు మించి తిప్పొద్దు. మధ్యలో ఒక నిమిషం ఆగండి. మూడుసార్లకి అవ్వకపోతే పదోసారికీ అవ్వదు. నేను చేసి చూశాగా.

కేబుళ్లు వేసే వరస

ముందు చూడాల్సింది బ్యాటరీ ఉబ్బిందా, పగిలిందా, కారిందా అని. అలా ఉంటే, లేదా లోపల గడ్డకట్టిందని అనుమానం వస్తే కేబుల్ వేయొద్దు, పేలే ప్రమాదం ఉంది. నిండా ఛార్జి ఉన్న బ్యాటరీ ఇక్కడి చలికి గడ్డకట్టదు, పూర్తిగా అయిపోయిన బ్యాటరీ మాత్రం మైనస్ 10 చుట్టుపక్కలకే గడ్డకట్టగలదు.

రెండు కార్లూ ఒకదానికొకటి తగలకూడదు, రెండూ ఆపి ఉండాలి.

1. ఎర్ర కేబుల్ ఒక కొస చచ్చిన బ్యాటరీ ప్లస్‌కి.
2. ఎర్ర కేబుల్ రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కి.
3. నల్ల కేబుల్ ఒక కొస మంచి బ్యాటరీ మైనస్‌కి.
4. నల్ల కేబుల్ చివరి కొస చచ్చిన కారులో బ్యాటరీకి కాకుండా, దానికి కాస్త దూరంగా ఇంజిన్ మీద రంగు లేని ఇనుముకి, లేదా మాన్యువల్‌లో చూపించిన ఎర్త్ పాయింట్‌కి.

నాలుగోది బ్యాటరీకి దూరంగా ఎందుకంటే, ఆఖరి కొస తగిలినప్పుడు నిప్పురవ్వ వస్తుంది. బ్యాటరీ పక్కన హైడ్రోజన్ గ్యాస్ ఉండొచ్చు. ఇప్పుడు మంచి కారు స్టార్ట్ చేసి, ఒక ఐదు నిమిషాలు ఆగి, అప్పుడు మీ కారు తిప్పండి. అందుకున్నాక తీసేది సరిగ్గా తిరగేసిన వరసలో: 4, 3, 2, 1. హైబ్రిడ్ కారు ఉన్నవాళ్లు ఎదుటివాళ్లకి కరెంటు ఇచ్చే ముందు మాన్యువల్ చూడండి, చాలావాటిలో వద్దనే రాసి ఉంటుంది.

కొత్త బ్యాటరీ వేసినా మళ్లీ ఎందుకు పడుకుంది?

ఆ రోజు సాయంత్రమే 95 పౌండ్లు పెట్టి కొత్త బ్యాటరీ వేయించుకున్నా. ఒక రోజు జీతం పోయింది, పీడ వదిలింది అనుకున్నా. మూడు వారాలు తిరక్కుండా మళ్లీ అదే "టక టక టక". అప్పుడు అన్న అడిగాడు: "కొలిచినవా, లేక పైసలు వెట్టి వేయించినవా?" కొలవలేదు.

కొలవడానికి కావాల్సింది ఒక మల్టీమీటర్. 10, 15 పౌండ్లలో వస్తుంది. డీసీ వోల్ట్స్ 20 దగ్గర పెట్టి, ఎర్ర పుల్ల ప్లస్ మీద, నల్ల పుల్ల మైనస్ మీద ఆనించడమే. మూడు కొలతలు తీసుకోవాలి.

ఒకటి, రాత్రంతా కారు ఆగి ఉన్నాక పొద్దున్నే. 12.6 గానీ పైన గానీ ఉంటే నిండా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు. 12.2 అంటే సగం. 12.0 దగ్గరుంటే పావు వంతే, చలి పొద్దున స్టార్ట్ అవుద్దని ఆశ పెట్టుకోవద్దు. కారు ఆపిన వెంటనే కొలిస్తే లెక్క ఎక్కువ చూపిస్తుంది, నమ్మకండి.

రెండు, పక్కన ఎవరినైనా కూర్చోబెట్టి స్టార్ట్ చేయిస్తూ. ఆ క్షణంలో అంకె కిందికి పడుద్ది. 10 చుట్టూ ఆగితే మంచిదే. నిండా ఛార్జి ఉన్నా 9 కిందికి జారిపోతుంటే బ్యాటరీ లోపలే పాడైంది.

మూడు, ఇంజిన్ నడుస్తుండగా. మామూలుగా 13.8 నుంచి 14.7 మధ్య ఉండాలి. 12 చిల్లరలోనే ఉండి, కిందికి పోతుంటే ఆల్టర్నేటర్ ఛార్జి చేయట్లేదు. అప్పుడు ఎన్ని కొత్త బ్యాటరీలు వేసినా గంగలో పోసినట్టే.

నా కారులో రెండోదీ మూడోదీ బాగానే ఉన్నాయి. మొదటిదే తేడా. పని రోజుల్లో పొద్దున 12.4, రెండు రోజుల ఆఫ్ తర్వాత 12.0. అప్పుడు తట్టింది, రెండుసార్లూ కారు పడుకుంది ఆఫ్ తర్వాత పొద్దునే. అంటే ఆగి ఉన్నప్పుడు ఏదో తాగేస్తోంది. బ్యాటరీ కుండ, ఆల్టర్నేటర్ కుళాయి అనుకుంటే, నా కుండకి చిల్లు పడింది.

ఆ చిల్లు నేను పెట్టిందే. డాష్‌క్యామ్. డబ్బులు మిగులుతాయని వీడియో చూసి నేనే ఫ్యూజ్ బాక్స్‌లో, తాళం తీసినా కరెంటు ఉండే ఫ్యూజ్‌కి కలిపేశా. కారు ఆగి ఉన్నా అది పనిచేస్తూనే ఉంది. అన్న కొలిస్తే దాదాపు 0.3 ఆంపియర్లు. చూడ్డానికి చిన్నదే. గంటకి 0.3 అంటే రోజుకి 7 ఆంపియర్-అవర్లు, రెండు రోజులకి 14. నా బ్యాటరీ మొత్తమే 50. ఆరోగ్యంగా ఉన్న కారు ఆగి ఉన్నప్పుడు లాగేది 0.05 లోపే. కరెంటు కొలవడం కాస్త జాగ్రత్తగా చేయాల్సిన పని, తెలిసినవాళ్లతో చేయించండి. తేలిక దారి ఒకటుంది. అనుమానం ఉన్న వస్తువు పీకేసి, రెండు రోజులాగి వోల్టేజి చూడండి. పడకపోతే దొంగ దొరికినట్టే.

కానీ చిల్లు ఒక్కటే కాదు, కుళాయి కూడా సన్నగానే ఉంది. మన పనే అలాంటిది. రోజుకి పదీ పన్నెండు కాల్స్, ఒక్కో ఇంటికి మధ్య ఐదు, పది నిమిషాలు. ప్రతి స్టార్ట్‌కి స్టార్టర్ వంద ఆంపియర్ల పైనే లాగుతుంది. ఆ ఐదు నిమిషాల్లో హీటర్ ఫ్యాన్, వెనక అద్దం వేడి, హెడ్‌లైట్లు, ఫోన్ ఛార్జింగ్. తిరిగి నింపే టైమ్ ఎక్కడుంది? ఫుడ్ డెలివరీ చేసే తమ్ముళ్లదీ ఇదే కథ. అందుకే మన బ్యాటరీలు హైవే మీద ఆఫీసుకి పోయేవాళ్ల బ్యాటరీల కంటే ముందే పోతాయి. ట్రాఫిక్‌లో ఇంజిన్ తనంతట తాను ఆగే స్టార్ట్-స్టాప్ కారైతే, అది ఆగడం మానేసినప్పుడు బ్యాటరీ నీరసించిందేమో చూపించండి. అలాంటి కార్లకి ఏజీఎం లేదా ఈఎఫ్‌బీ రకం బ్యాటరీయే వేయాలి, చవకని మామూలుది వేస్తే త్వరగా పోతుంది.

ముందు రోజు రాత్రి చేసేవి

బానెట్ ఎత్తి టెర్మినల్స్ కదిపి చూడండి. చేత్తో తిరిగితే లూజు. తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుంటే వేడినీళ్లలో వంటసోడా కలిపి బ్రష్‌తో రుద్ది ఆరబెట్టండి. ఊడదీసేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర.

వారానికి ఒకసారైనా 40 నిమిషాలు ఆగకుండా నడపండి. డ్రైవ్‌వే ఉన్నవాళ్లు నెలకోసారి మెయిన్స్ ఛార్జర్‌తో రాత్రంతా నింపండి, అదే అసలైన మందు. అద్దె ఇంట్లో, రోడ్డు మీద పార్క్ చేసేవాళ్లం అలా చేయలేం కాబట్టి చిన్న జంప్ స్టార్టర్ ప్యాక్ కొనుక్కోవచ్చు. దాన్ని కారులో కాదు, ఇంట్లో పెట్టుకోండి. చలికి అదీ నీరసిస్తుంది.

అద్దం మీద మంచుకి మరిగే నీళ్లు పోయొద్దు, పగులుద్ది. కారుని రోడ్డు మీద స్టార్ట్ చేసి వదిలేసి లోపలికి టీకి పోవద్దు. 20 పౌండ్ల ఫైన్ పడొచ్చు, ఎవరైనా ఎత్తుకుపోతే ఇన్సూరెన్స్ కూడా రాకపోవచ్చు.

బ్రేక్‌డౌన్ కవర్ ఉంది కదా అని ధీమాగా ఉంటే ఒకసారి కాగితం తీసి చదవండి. బేసిక్ కవర్‌లో చాలాసార్లు ఇంటి నుంచి పావు మైలు లోపల ఆగిపోతే రారు. చలికి కారు పడుకునేదేమో ఇంటి ముందే! "హోమ్ స్టార్ట్" లాంటి పేరుతో ఆ భాగం విడిగా ఉంటుంది. అది ఉందో లేదో ఇవాళే చూడండి.

ఆఖరిది, అన్నింటికంటే ముఖ్యమైంది. కారు స్టార్ట్ కాలేదని కంగారులో రూమ్‌మేట్ కారు తీసుకుని పోవద్దు, ఆ కారు ఇన్సూరెన్స్‌లో మీ పేరు లేకపోతే. ఇన్సూరెన్స్ లేకుండా పట్టుబడితే 300 పౌండ్లు, లైసెన్స్ మీద 6 పాయింట్లు. యూకే లైసెన్స్ వచ్చి రెండేళ్లు కానివాళ్లకి 6 పాయింట్లంటే లైసెన్సే రద్దు. ఒక్క కాల్ లేటవడం వేరు, డ్రైవింగ్ ఉద్యోగంలో లైసెన్స్ పోవడం వేరు. ఆ పొద్దున నా చేతిలో అన్న కారు తాళాలు ఉన్నాయి. ఆయనే లాక్కున్నాడు. "లేటైతే తిడతరు, ఇది దొరికితే ఇంటికి పంపుతరు" అన్నాడు.

డాష్‌క్యామ్‌ని ఇప్పుడు తాళంతో పాటే ఆగిపోయే ఫ్యూజ్‌కి మార్చుకున్నా. పొద్దున కొలిస్తే 12.6 చూపిస్తోంది. పెద్దాయన ఇంటికి నేను వెళ్లేది ఇంకా 6:30కే.

మీ కారు ఎలాంటి చప్పుడు చేస్తోందో ఫోన్‌లో రికార్డ్ చేసి వాయిస్ మెసేజ్‌గా పంపండి. అన్నని కూర్చోబెట్టి వచ్చే ఎపిసోడ్‌లో వినిపిస్తా. ఉంటానండీ, రోడ్ల మీద మంచు ఉంది, జాగ్రత్తగా పోండి.